దొంగ నొప్పులని నీకెవరు సెప్పారు?

మా పాత ఇంటి కింది వాటా మామ్మ పోయిందని మొన్న బుధవారం ఉదయం ఫోన్ వచ్చింది. చేసింది ఆమె చెల్లెలి కొడుకు. "నిద్దట్లోనే ఎలిపోయింది, బాధేటీ పడనేదు" అన్నాడు. ఫోన్ పెట్టేసి నేను చేసిన మొదటి పని నా పొట్ట తడుముకోవడం. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, నాకిప్పుడు ఏడో నెల. మొదటి కాన్పు నెలలు నిండకుండా అయినవాళ్లకు రెండోదీ అలా అయ్యే అవకాశం ఎక్కువని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి, ఏదైనా అయితే మామ్మ ఉందిలే అనుకుంటూ రోజులు నెట్టుకొస్తున్నాను.

ఆరేళ్ల కిందట మేం వన్ టౌన్‌లో ఒక పాత ఇంటి మేడ మీద అద్దెకుండేవాళ్లం. మా ఆయనకు పోర్టులో పని. కింది వాటాలో మామ్మ ఒక్కతే ఉండేది. ముప్ఫై ఏళ్లకు పైగా ప్రసూతి వార్డులో ఆయాగా చేసిన మనిషి. ఎవరైనా నర్సమ్మా అని పిలిస్తే ఒప్పుకునేది కాదు. "నాను నేల తుడిసినదాన్ని. తుడుస్తా తుడుస్తా సూసినాను, అంతే" అనేది. వీధిలో ఎవరు కడుపుతో ఉన్నా నడక చూసి ఎన్నో నెలో చెప్పేసేది. ఆ లెక్క తప్పితే మాత్రం, తేదీ సరిగ్గా గుర్తుపెట్టుకోలేదని ఆ పిల్లనే కోప్పడేది.

అప్పుడు నాకు మొదటి కడుపు. నిజం చెప్పాలంటే మొదట్లో ఆవిడంటే నాకు చిరాకు. నేను మెట్లు దిగితే చాలు, "నీల్లు తాగినావేటి? ఒంటేలుకెల్తే మంటుందా? బిడ్డ తిరగతందా?" అని గుమ్మంలోంచే అరిచేది. ఎదురు కొట్లోవాళ్లంతా వినేవారు. నేను తల దించుకుని జారుకునేదాన్ని.

ఆ రోజు నాకు ఎనిమిదో నెల. మధ్యాహ్నం వేళ. పొద్దుటి నుంచి నడుము కింద ఒకటే లాగుడు, పొట్ట గట్టిపడి వదులుతోంది. తోడుగా ఉండడానికి తగరపువలస నుంచి వచ్చిన మా అమ్మ, "దొంగ నొప్పులే, వేడి సేసినాది" అని జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చింది. ఆసుపత్రికి వెళ్దామా అంటే అమ్మ ముఖం పాలిపోయింది. "ఏడో నెల బిడ్డ బతుకుద్ది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదంటారే. ఎల్తే ఆలు కాన్పు సేసేత్తారు. కదలకుండా పడుకుంటే తొమ్మిదో నెల వచ్చేత్తాది" అంది. అమ్మది ప్రేమే, కాకపోతే ఆ ప్రేమ నిండా భయం. నేను మాత్రం ఒక సంగతి అమ్మకు కూడా చెప్పలేదు. ఉదయం నుంచి బట్ట తడుస్తోంది. అలాంటివి చెప్పుకోవడానికి నాకు సిగ్గు.

ఆరేసిన బట్టలు తీద్దామని కిందికి దిగాను. మామ్మ గుమ్మంలో కూర్చుని నెత్తళ్ల చేపలు బాగు చేస్తోంది. నడుం మీదున్న నా చెయ్యి చూసి లేచింది. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, పొట్ట మీద అరచెయ్యి ఆనించి, గోడ గడియారం వైపు చూస్తూ ఉండిపోయింది. ఆవిడ అంతసేపు నోరు మెదపకుండా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు పుట్టింది నాకు అసలు భయం.

"పది నిమసాలకోపాలి రాయైపోతంది. ఎప్పుట్నించే?"

"పొద్దుటి నుంచి మామ్మా. దొంగ నొప్పులని..."

"దొంగ నొప్పులని నీకెవరు సెప్పారు? దొంగో దొరో తలుపు తీసి సూత్తే కదా తెలుత్తాది! బట్ట తడిసినాదా?"

తలూపాను.

"మరి సెప్పవేటే!"

గొంతు విని అమ్మ దిగి వచ్చింది. ఎనిమిదో నెల అంటూ ఏదో చెప్పబోయింది. "నెలలు మనం లెక్కెట్టుకున్నాం గానీ అమ్మా, లోపలున్న పిల్లకి కేలండరుందేటి?" అంది మామ్మ. "ఒక్కో రోజు ఆగితే ఆ రోజు మంచిదే. ఆపించుకోడానికే ఎల్తన్నాం. ఆలీసెమైపోతే డాక్టర్లు మాత్రం ఏటి సేత్తారు?"

ఆటో సందు దాటక ముందే ఉల్లిపాయల లారీ అడ్డం వచ్చింది. మామ్మ దిగి, డ్రైవరును వాడి ఏడు తరాలతో సహా దులిపి, లారీ వెనక్కి తీయించింది.

అవి నిజం నొప్పులే. ఉమ్మనీరు కొద్దికొద్దిగా పోతోందని ఆసుపత్రిలో అన్నారు. నొప్పులు నెమ్మదించడానికి మందులు పెట్టారు. బిడ్డ ఊపిరితిత్తులకు బలం రావడానికి ఇంజక్షన్లు ఇచ్చారు. అవి బాగా పని చెయ్యాలంటే రెండు రోజులైనా కాన్పు ఆగాలట. ఆ రెండు రోజులూ నేను దగ్గడానికి కూడా భయపడ్డాను. మామ్మ మంచం పక్క స్టూలు వదల్లేదు. అక్కడే ఒక మధ్యాహ్నం, నేను అడక్కుండానే చెప్పింది. ఆవిడకూ ఒక కడుపు వచ్చిందట. ఎనిమిదో నెలలో, డ్యూటీలో ఉండగానే నొప్పులు మొదలయ్యాయట. దొంగ నొప్పులేలే, డ్యూటీ అయ్యాక చూపించుకుందాం అనుకుందట.

"అందరి పొట్ట మీదా సెయ్యేసినాను. నా పొట్ట మీద ఏసుకోడానికి తీరిక నేకపోయింది" అంది. తర్వాత నాకు దుప్పటి సరిచేసి, మంచినీళ్లు పట్టుకురావడానికి వెళ్లింది.

మూడో రోజు పాప పుట్టింది. బరువు కేజీన్నర. పందొమ్మిది రోజులు అద్దాల పెట్టెలో ఉంది. ఊపిరి తీస్తోందా లేదా అని నేను ఆ అద్దం మీద వంగి చూస్తూ ఉంటే, అద్దం మీద నా ఊపిరే అడ్డంగా పొగలా కమ్మేది. "నువ్వు గాలి పీల్సుకో ముందు" అని మామ్మ నన్ను వెనక్కి లాగేది.

తర్వాత మేం మధురవాడ వచ్చేశాం. ఈసారి నాకు నెల తప్పిన దగ్గర నుంచి మామ్మ ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. పోయిన ఆదివారం కూడా చేసింది. బట్టలు మడతపెడుతూ, ఊఁ ఊఁ అంటూ త్వరగా పెట్టేశాను. ఇక ఆ ఫోన్ రాదు.

కడుపుతో ఉన్నదాన్ని శవం లేచే ఇంటికి పంపడానికి, ఈసారీ తోడుకొచ్చి ఉన్న అమ్మ ఒప్పుకోలేదు. ఆవిడ వల్ల బతికిన పిల్లనైనా పంపుతానని, పాపను మా ఆయనతో పంపాను. వాళ్లు వెళ్లిన గంటకు నా పొట్ట గట్టిపడింది. దొంగ నొప్పులన్న మాట అమ్మ నోట రాలేదు. ఆసుపత్రికి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. సాయంత్రం వచ్చి చూపించుకోమన్నారు. ఈలోగా మళ్లీ వస్తే అప్పుడే బయల్దేరమన్నారు.

సంచీ సర్దుకుంటూ ఉంటే మెట్ల మీద అడుగుల చప్పుడు. లిఫ్టు ఆగిపోయిందట. వాళ్ల నాన్నను కింద వదిలేసి ఐదంతస్తులూ పరుగెత్తుకొచ్చింది పాప. గుమ్మం బయట నిలబడి, మాట రాక, నోరు తెరిచి రొప్పుతోంది. మైల, స్నానం చేసేదాకా ముట్టుకోవద్దని అమ్మ లోపలి నుంచి అంటూనే ఉంది. నేను దాన్ని దగ్గరికి లాక్కుని, ఆ రొప్పు తగ్గేదాకా వింటూ నిలబడ్డాను.