పన్నెండు ముడులు

బెంగళూరులో ఆ ఆసుపత్రిలో ఉన్న ఏడాదిన్నరలో నాకు కుర్చీ ఇవ్వలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఇది చెప్పుకునే విషయమా అని మా ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. నేను చెప్పుకుంటాను. ఓపీ గదిలో పెద్ద డాక్టరుకు తిరిగే కుర్చీ, ఆయన అసిస్టెంటుకు చేతుల కుర్చీ, ఊరికే చూడ్డానికి వచ్చే విద్యార్థులకు ప్లాస్టిక్ కుర్చీలు ఉండేవి. ఎం.డి. పూర్తిచేసి, ఆడవాళ్ళ మూత్ర సంబంధమైన జబ్బుల్లో ఫెలోషిప్ చేస్తున్న నాకు మాత్రం, రోగులు పరీక్ష బల్ల ఎక్కడానికి వేసిన ఇనుప మెట్టు. రోగి వచ్చినప్పుడల్లా లేచి మెట్టు ఇవ్వాలి, ఆమె దిగాక మళ్ళీ కూర్చోవాలి. కుర్చీ అడిగితే, కావాలని స్టోర్స్‌కు ఇండెంట్ కాగితం పెట్టమన్నారు. మూడుసార్లు పెట్టాను. ఆ మూడు కాగితాల నకళ్ళూ నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

ఇంకొకటి కూడా గుర్తుంది. బయటినుంచి ఎవరైనా డాక్టర్లు వస్తే, పెద్ద డాక్టరు అందరినీ చదువులతో పరిచయం చేసి, నా దగ్గరికి వచ్చేసరికి మన తెలుగు ట్రాన్స్‌లేటర్ అనేవారు. అప్పుడు, అంటే రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, ఎలక్ట్రానిక్ సిటీలో భవనాలు కట్టడానికి అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచి వచ్చిన ఆడకూలీలు మా ఓపీ నిండా ఉండేవారు. వాళ్ళతో నేనే మాట్లాడాలి. మాట్లాడినంతసేపూ నేను డాక్టరునన్న సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తుండేది కాదు.

నేను చెప్పబోయే ఆమె అలా వచ్చినవాళ్ళలో ఒకతె. ఊరు కదిరి వైపు. బెంగళూరు శివార్లలో చందాపుర దగ్గర రేకుల షెడ్లలో కాపురం. ఇరవై ఏళ్ళు నిండాయో లేదో. తొలికాన్పులో మూడు రోజులు నొప్పులు పడితే బిడ్డ దక్కలేదు. అంతసేపు బిడ్డ తల అదిమి ఉంచడంతో మూత్రాశయం గోడ చివికి చిల్లు పడింది. ఆ రోజు నుంచి నిద్రలోనూ మెలకువలోనూ మూత్రం కారుతూనే ఉంది. బెంచీ మీద చోటున్నా ఆమె కూర్చోలేదు. చివర నిలబడింది. ఎందుకమ్మా అంటే, తడిసిపోతాదని చెప్పింది. కాసేపటికి తనే ఇంకో మాట చెప్పింది. అమ్మను చూడాలని కదిరి బస్సెక్కితే యలహంక దాటకముందే కండక్టరు దించేశాడట. అప్పటికి ఏడాదైంది ఊరికి పోయి.

"బాగైతే బస్సులో సీట్లో కూచోని మా అమ్మ దగ్గరికి పోవల్ల" అంది. బాగైతే ఏం చేస్తావని నేను అడగలేదు, తనే చెప్పింది.

ఆపరేషన్ మా యూనిట్‌లోని మేడం చేశారు. పక్కన నన్ను నిలబెట్టుకున్నారు. కొన్ని కుట్లు నాచేత వేయించారు. ఆ ఆసుపత్రిలో నన్ను డాక్టరులా చూసినది ఆవిడ ఒక్కరే కాబట్టి ఆ సంగతి కూడా రాయాలి. కండ పలచగా ఉంది, ట్యూబు ఇరవైయొక్క రోజులు ఉంచాలి, ఒక్కరోజు కూడా తగ్గకూడదు అని చెప్పి, ఆ వారంలోనే ఆవిడ సెలవు మీద వెళ్ళారు. మూత్రం ట్యూబులోంచి పోతూ ఉంటే మూత్రాశయం నిండదు, కుట్టు లాగదు. ఇదంతా నేను ఆమెకు వివరంగా చెప్పాను. ఆమెకు చదువు రాదు. రోజుకొక గాజుగుడ్డ పీలిక అడిగి తీసుకుని, లెక్క కోసం మంచం కమ్మీకి ముడి వేయడం మొదలుపెట్టింది. 

పీలికలు ఇచ్చేది మా వార్డు ఆయమ్మ. బెంగళూరులోనే, కాటన్‌పేటలో పుట్టి పెరిగిన తెలుగామె. ఆమె నోటికి ఎవరూ మినహాయింపు కాదు. "ఏమప్పా డాక్టరమ్మా, నీకు కుర్చీ వచ్చేలోపల ఈయమ్మి బస్సెక్కి ఊరు చేరుతాది, చూస్తా ఉండు" అనేది. వార్డంతా నవ్వేది. వాళ్ళతో పాటు నేనూ నవ్వేదాన్ని.

పన్నెండో రోజు రౌండ్స్‌లో పెద్ద డాక్టరు ఆ మంచం దగ్గర ఆగారు. మంచాలు చాలక కొత్తగా వచ్చినవాళ్ళు నేల మీద ఉన్నారు. ట్యూబు తీసేసి రేపు పంపించేయండి అన్నారు. మేడం ఇరవైయొక్క రోజులు చెప్పారని నేను ఇంగ్లీషులోనే అన్నాను. ఆయనది కోలారు వైపు, తెలుగు బాగా వచ్చు. కానీ మాతో ఎప్పుడూ ఇంగ్లీషు తప్ప మాట్లాడరు. ఆ రోజు మాత్రం తెలుగులో అన్నారు.

"ఏమ్మా, నువ్వు ఇక్కడ నేర్చుకోను వచ్చినావా, మాకు నేర్పను వచ్చినావా?"

వార్డులో రోగులకూ ఆయాలకూ అర్థం కావాలనే తెలుగులో అన్నారు. విద్యార్థులు నవ్వారు. అసిస్టెంటు కేస్‌షీట్‌లోకి చూస్తూ నవ్వాడు.

తర్వాత నేను చేయగలిగినవి చాలా ఉన్నాయి. మేడం ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. సాయంత్రం పెద్ద డాక్టరు ఒక్కరే ఉన్నప్పుడు గదికి వెళ్ళి అడిగితే వినేవారు, అంతకుముందు ఒకసారి విన్నారు కూడా. కనీసం నా అభ్యంతరం కేస్‌షీట్ మీద రాసి ఉండవచ్చు. ఏదీ చేయలేదు. అవమానంతో ఒళ్ళు మండుతోంది. సరే, తీసేస్తాను, రేపు ఈమె మళ్ళీ తడిసి వస్తే అప్పుడు ఎవరి ముఖం ఎలా ఉంటుందో చూస్తాను అనుకున్నాను. ఈ మాటలే అనుకున్నాను.

నర్సుకు అప్పగించకుండా ట్యూబు నేనే తీశాను. ఆమె కమ్మీ వైపు చూసి, "ఇంకా తొమ్మిది ఉండాయి కదమ్మా" అంది.

పెద్ద డాక్టరు చెప్పారన్నాను. కటువుగా అన్నానని నాకు తెలుసు. నేను ట్రే తీసుకుని లేస్తుంటే ఆమె మెల్లగా, "అందరి ముందర నిన్ను అట్ల అనకూడదు" అంది. నా తరఫున ఆ ఆసుపత్రిలో ఆ మాట అన్న మనిషి ఇంకెవరూ లేరు.

ఆ మధ్యాహ్నం ఆమె తనంతట తాను బాత్రూముకు వెళ్ళి వచ్చింది. పొడిగా ఉన్న దుప్పటి ఎత్తి పక్క మంచాలవాళ్ళకు చూపించింది. మర్నాడు భర్త వచ్చి తీసుకువెళ్ళాడు. ఆయమ్మ కమ్మీకి ఉన్న ముడులు విప్పబోయింది. బిగిసిపోయి రాకపోతే కత్తెరతో కోసి చెత్తబుట్టలో వేసింది.

మూడు వారాలు దాటాక ఒక సోమవారం ఓపీ తలుపు తీసేసరికి బెంచీ చివర ఆమె నిలబడి ఉంది. బెంచీ మీద చోటుంది. అడగకముందే నాకు తెలిసిపోయింది.

బస్సెక్కిందట. కిటికీ పక్క సీటు దొరికిందట. బాగేపల్లి దగ్గర తడి తగిలింది. "కండక్టరు చెప్పకముందే నేనే దిగేస్తిని" అంది. వెంటనే, నేను కోప్పడతానేమోనని, "నాదే తప్పమ్మా. ఇంటికి పోయిన మూడో దినమే నీళ్ళ బిందె ఎత్తుకొంటిని. నువ్వు వద్దని చెప్పింటివి" అంది.

నీ తప్పు కాదని అక్కడే చెప్పి ఉండాల్సింది. ఒక్క వాక్యం. నేను పెద్ద డాక్టరు ముఖం వైపు చూస్తున్నాను. ఆయన కుర్చీ ఇటు తిప్పి, ఫైలు చూసి, మూడు నెలల తర్వాత మళ్ళీ ఆపరేషన్ అని రాసి, తర్వాతి మనిషిని పిలవమన్నారు. ఆయన ముఖంలో ఏమీ లేదు. ఆ పన్నెండో రోజు ఆయనకు గుర్తే లేదు. నేను ఆమెకు తేదీ రాసిన చీటీ ఇచ్చి, మూడు నెలలకు రమ్మని అనువాదం చేసి పంపించాను.

మూడు నెలలకు రాలేదు. నాలుగో నెలలో ఒక ఆదివారం చందాపుర వెళ్ళాను. రేకుల షెడ్లు ఉండాల్సిన చోట చదును చేసిన నేల ఉంది. పని అయిపోయింది, మేస్త్రీ తన మనుషులను హోసూరుకో పూణేకో తీసుకుపోయాడు అని పక్కన టీ కొట్టు ఆయన చెప్పాడు.

ఇప్పుడు కొందరు అన్ని రోజులు ట్యూబు అక్కర్లేదంటారు, ఉంచినా కొన్ని కుట్లు నిలవవంటారు. అయి ఉండవచ్చు. ఆమె కండ పలచనిదని నాకు తెలుసు, ఇంకా తొమ్మిది ఉన్నాయనీ తెలుసు.

ఫెలోషిప్ ముగిసి వచ్చేటప్పుడు డైరెక్టరుకు నాలుగు పేజీల ఫిర్యాదు ఇచ్చాను. జవాబు రాలేదు. నకలు ఉంది, మొన్న మళ్ళీ తీసి చదివాను. కుర్చీ సంగతి ఒక పేజీ. ట్రాన్స్‌లేటర్ అన్న సంగతి అర పేజీ. రౌండ్స్‌లో ఆయన అన్న మాట ఒక్క అక్షరం పోకుండా రాశాను, ఎవరెవరు నవ్వారో రాశాను. ఏ సందర్భంలో అన్నారంటే, ఒక రోగి విషయంలో అని ఉంది. ఆమె గురించి ఆ నాలుగు పేజీల్లో ఉన్నది ఆ మాటే.