డ్రైవర్ సీట్లో మా బావ

మా బావకు సైకిల్ తొక్కడం కూడా రాదు. అయినా రోజుకు పదిసార్లు "డ్రైవర్ సీట్లో ఉన్నది నేను" అంటాడు. బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ సూపర్‌వైజర్‌ని చేసినప్పుడు ఒకరోజు ట్రైనింగ్ ఇచ్చారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చుని ఈయన మోసుకొచ్చింది ఆ ఒక్క ముక్క. వ్యవహారమంతా తన గుప్పిట్లో ఉందని ఇంగ్లీషులో అలా చెప్పుకుంటారట. ఇంట్లో గ్యాస్ అయిపోయినా అదే మాట, పాపకు జ్వరమొచ్చినా అదే మాట. సిలిండర్ తెచ్చేదీ, పాపను ఆసుపత్రికి ఎత్తుకెళ్ళేదీ మాత్రం మా అక్క.

అక్క పదకొండేళ్ళుగా అక్కడే, గుడ్డనీ కుట్టునీ సరిచూసే చెకింగ్‌లో పనిచేస్తోంది. నేను కుట్టు మిషన్ మీద. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని మా మధ్య తిరుగుతుంటే నాకు ఒళ్ళు మండేది.

బనియన్ గుడ్డ చుట్టలో బిగుసుకుని వస్తుంది. చుట్ట విప్పి, ఒక రోజంతా వదులుగా పరిచి ఉంచాలి. అది సర్దుకున్నాకే కత్తెర పెట్టాలి. లేదంటే కోసిన ముక్కలు తర్వాత ముడుచుకుపోతాయి. ఈ సంగతి మా దగ్గర ఊడ్చే ముసలమ్మకు కూడా తెలుసు.

ఆ రోజు పెద్ద ఆర్డరు. చుట్టలు మధ్యాహ్నం దిగాయి. బావ అప్పుడే కోయమన్నాడు.

"గుడ్డ ఇంకా సర్దుకోలేదండీ. రేపు కోయిద్దాం" అంది అక్క.

"డ్రైవర్ సీట్లో ఉన్నది నేను. నువ్వెళ్ళి బొత్తాలు చూసుకో."

గంట తర్వాత అక్క మళ్ళీ వెళ్ళింది. ఈసారి అందరి ముందూ నవ్వి పంపించాడు.

నాలుగో రోజున కొలిచి చూస్తే, పెద్దవాళ్ళ కోసం కుట్టిన చొక్కాలు పిల్లలకు సరిపోయేలా ఉన్నాయి. యజమానే స్వయంగా వచ్చాడు. బావ, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "చెకింగ్ వాళ్ళు నాకు చెప్పలేదు సార్" అన్నాడు, కట్టుకున్న పెళ్ళాన్ని చూపిస్తూ. సిగ్గులేని మనిషి.

యజమాని అక్కవైపు తిరిగాడు. "చెప్పలేదా? చెప్పకపోతే నీకిక్కడ పనేముంది?"

అక్క నోట్లో నాలుక లేని మనిషి. ఎప్పటిలాగే ఇదీ మింగేస్తుందని, ఆ ఉద్యోగం పోయినట్టేనని అనుకున్నాను.

"చెప్పాను సార్. రెండుసార్లు చెప్పాను. ఇక్కడున్న వాళ్ళందరూ విన్నారు."

విన్నామని అందరం అన్నాం. ముసలమ్మ అందరికంటే గట్టిగా అంది. మర్నాటినుంచి బావను ప్యాకింగ్‌లో పెట్టెలకు టేపు అంటించే పనిలో వేశారు.

ఆ రాత్రి ఇంట్లో అన్నాలకు కూర్చున్నాక ఆయన మొదలుపెట్టాడు.

"పదిమందిలో మొగుడి పరువు తీసింది మీ అక్క. నువ్వే చెప్పు మరదలా, నేను తలెత్తుకుని ఎలా తిరిగేది?"

నేను నోరు తెరిచేలోగా అక్కే అంది.

"మీ పని నిలబెట్టుకోవడానికి నా పని తీసి యజమాని చేతిలో పెట్టారు. ఇచ్చేముందు నన్నొక్క మాటైనా అడిగారా?"

ఆయన అన్నం సగంలోనే వదిలేసి కంచం ముందునుంచి లేచిపోయాడు. నాకు జాలి కూడా కలగలేదు.