వీధి వాకిలికి ఒక్కదానికే గడప

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ టీవీ మోత కాస్త తగ్గించండి. ప్రొద్దుటూరులో మేము ఇల్లు కట్టించిన సంగతి చెబుతాను.

మా అత్తకు చూపు దాదాపుగా పోయింది. అయినా పాత ఇంట్లో గోడ తడుముకుంటూ స్నానాల గదికి తానే పోయేది. ఆ ఇల్లు పడగొట్టి కొత్తది కడతామనగానే ఆమె ముఖం చిన్నబోయింది. "కొత్తింట్లో నన్ను మూట మాదిరి మోస్తారేమో" అంది.

పటం గీయడానికి పులివెందుల నుంచి ఒక ఆర్కిటెక్టమ్మ వచ్చింది. చిన్న వయసు. కాగితం తీయకముందే అత్త వెనకాల ఇల్లంతా తిరిగింది. మా ఆయనకు ఓపిక పోయింది.

"ఏందమ్మా, ముసలామె ఎనకాల తిరుగుతాండావు? మెట్లు యాడో, గదులు యాడో గీయరాదా?"

"గీస్తా అన్నా. ఇంట్లో శానాసేపు ఉండేది అవ్వే కదా!"

గీసి తెచ్చిన పటం మాకు అర్థమయ్యేదాకా వివరించింది. నచ్చనివి మార్చింది. మునిసిపాలిటీ అనుమతి పనీ తానే చూసుకుంది. పునాదికి ముగ్గు పోసిన రోజున గీతల వెంబడి ఇటుకలు పేర్పించి, అత్తను చెయ్యి పట్టి నడిపించింది. "ఇది నీ గది. ఇట్లా పోతే స్నానాల గది."

అత్త ఇటుకను కాలితో తడిమి, "స్నానాల గది ఇంగ రోంత దగ్గరికి జరుపు పాపా" అంది. పటం మళ్లీ మారింది.

గోడలు లేచాయి. స్లాబు వేసే ముందు ఇనుప కమ్మీలు ఎట్లా కట్టారో చూడ్డానికి ఆ పిల్ల ఎండలో పైకెక్కేది. అయితే వాకిళ్ల దగ్గర తప్పు జరిగింది. లోపలి వాకిళ్లకు గడపలు వద్దని పటంలో ఉంది. మా ఆయన వడ్రంగికి చెప్పి అన్నిటికీ పెట్టించాడు.

"గడప ల్యాక వాకిలి ఉంటాదా? పసుపు యాడ పూస్తారు?" అన్నాడు.

ఆర్కిటెక్టమ్మ వాకిళ్లు చూడ్డానికి వచ్చిన రోజు అత్తను కూడా తీసుకుపోయాం. తన గది వాకిట్లోనే గడప తగిలి ముందుకు తూలింది. ఆర్కిటెక్టమ్మ గబుక్కున పట్టుకుంది. మా ఆయన్ని ఏమీ తప్పు పట్టలేదు. "నువ్వే చెప్పు అవ్వా, ఏం చేద్దాం?" అని అడిగింది.

"నా కొడుకుకి లక్ష్మి గదిగదికీ గడప దాటి రావల్లనంట. వీధిలోంచి ఒకసారి వస్తే సాలదా? వీధి గడప ఉండల్ల, దానికి నేనే పసుపు పూస్తా. లోపలివన్నీ తీపియ్ పాపా."

అందరం నవ్వాం, మా ఆయన కూడా. లోపలి గడపలు కోయించారు. ఇల్లంతా నున్నటి టైల్సు పరిచినా, అత్త గది నుంచి స్నానాల గది దాకా మాత్రం జమ్మలమడుగు వైపు నుంచి తెప్పించిన గరుకు నాపబండలు వేయించింది ఆర్కిటెక్టమ్మ. కాలికి గరుకు తగిలినంత మేరా అత్త దారి.

గృహప్రవేశం నాడు అత్త వీధి గడపకు తన చేత్తోనే పసుపు పూసి లోపలికి అడుగుపెట్టింది. మా ఆయన చెయ్యి అందించబోయాడు.

"ఇడువురా! నా ఇంట్లో నాకు దారి తెల్దా?"

ఆ బండల మీదుగా ఒక్కతే నడిచిపోయింది. వానలు పడ్డాక గోడలు చెమ్మెక్కాయేమో చూడ్డానికి ఆర్కిటెక్టమ్మ మళ్లీ వస్తే, అత్తే ఎదురొచ్చి ఇల్లంతా తిప్పి చూపించింది.

మీ వీధి గడపలు ఎప్పుడూ పసుపుతో పచ్చగా ఉండాలి తల్లీ. మీ పెద్దవాళ్లు మీ ఇంట్లో ఎవరి చెయ్యీ అడగకుండా తిరగాలి.