నోటికి అడ్డం పెట్టిన చెయ్యి

పొందూరులో మా ఎదురింటి దాలమ్మకి ఎత్తుపళ్ళు. పెదాలు మూసుకున్నా ముందు రెండు పళ్ళూ బయటికి కనిపిస్తూనే ఉండేవి. కాపురానికి వచ్చిన రోజున అత్త గురమ్మ కోడల్ని ఎగాదిగా చూసి, "మంచిదే. మరి వాలుగ దవడ కొనక్కర్లేదు, కోడలే ఎంట తెచ్చుకున్నాది" అంది. మా ఊళ్ళో సన్న నూలు వడికే ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారు. ఆ సన్న పళ్ళు నలకంతా లాగేస్తాయి. గురమ్మ మాటకి వీధంతా పగలబడి నవ్వింది. ఆ రోజు నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి దాలమ్మ మరి దించలేదు. గురమ్మ పోయి ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

దాలమ్మ కూతురు మరిడి ఎనిమిదేళ్ళు వచ్చినా బొటనవేలు చీకేది. వేలికి వేపాకు ముద్ద రాస్తే మొహం చిట్లించి అదీ చప్పరించేసింది. ఖద్దరు పీలిక చుడితే, మా ఊరి సన్న నేత కదా, నోటికి ఇంకా మెత్తగా ఉన్నట్టుంది, మరింత ఇష్టంగా చీకింది. పాలపళ్ళు ఊడి వచ్చిన కొత్త పళ్ళు ముందుకి తోసుకొచ్చాయి.

"నా పళ్ళొస్తే వచ్చాయి, నా బతుకు దీనికి రాకూడదు" అని అరవై ఏడులో పిల్లని పాసింజరెక్కించి విజయనగరం తీసుకెళ్ళింది. వెంట నేనూ వెళ్ళాను.

పళ్ళ డాక్టరు నరసింగరావుగారు ఓపిక మనిషి. "పై పళ్ళు కింది పళ్ళని కొంచెం కప్పాలమ్మా. ఈ పిల్లకి మరీ ముందుకొచ్చేశాయి. కొందరికి పుట్టుకతో వస్తుంది, కొందరికి వేలు చీకడంతో ముదురుతుంది. ముందు వేలు మానాలి, తరవాత అంగిలికి తీగ ఉన్న ప్లేటు పెడతాను. దవడ ఇంకా ఎదుగుతోంది కాబట్టి బాగానే సర్దుకుంటాయి" అన్నారు. దాలమ్మ వైపు చూసి, "నీవీ సర్దొచ్చు. పెద్దవాళ్ళకి ఎముక ముదిరిపోతుంది, ఎక్కువ కాలం పడుతుంది, అంతే" అన్నారు.

"నాకెందుకు బాబూ, ముసిలిదాన్నయిపోనాను" అంది దాలమ్మ, చెయ్యి అడ్డం పెట్టుకుని. అప్పటికి దానికి ముప్పై నిండలేదు!

ప్లేటు పెట్టిన కొత్తలో మరిడికి మాట తిరిగేది కాదు. బళ్ళో పిల్లలు వెక్కిరిస్తే ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేది. అయినా దాలమ్మ పట్టు వదల్లేదు. ఏడాది దాటాక పళ్ళు వెనక్కి సర్దుకున్నాయి. డాక్టరుగారు అద్దం చూపించారు. మరిడి సిగ్గుపడి నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకుని.

"చెయ్యి తియ్యమ్మా, ఇంకెందుకు? ఎక్కడ నేర్చుకున్నావిది?" అంటూ ఆయన దాలమ్మ వైపు తిరిగారు. దాలమ్మ చెయ్యీ నోటి మీదే ఉంది.

తిరుగు రైలు దిగాక దాలమ్మ, "పళ్ళు ఆయన సర్దినాడు. ఈ సెయ్యి నేనే దించాల కదే" అంది నాతో. పాపం, ఎంత ప్రయత్నించినా అలవాటైన చెయ్యి దానంతటదే పైకి లేచేది.

ఇక రాత్రిళ్ళు మాత్రమే ప్లేటు పెట్టుకోమన్నారు డాక్టరుగారు. పగలు దాన్ని గోడ గూట్లో, వాలుగ దవడ పక్కనే పెట్టేవారు. ఒకరోజు పొద్దున్న దాలమ్మ రాట్నం తిప్పుతోంది, మరిడి ఏకులు అందిస్తోంది, నేను గడపలో కూర్చున్నాను. కళ్ళకి పొరలు కమ్మిన గురమ్మ గూట్లో చెయ్యి పెట్టి, దొరికినదానితో పత్తి దువ్వడం మొదలెట్టింది.

"ఏటే దాలీ, ఇదేటి వాలుగే? పళ్ళన్నీ అరిగిపోనాయి! ఒక్క నలకా రాదు!"

"మామ్మా! అది నా నోట్లోదే!" అని మరిడి కేక పెట్టింది.

దాలమ్మకి నవ్వు పొంగుకొచ్చింది. కుడి చేత్తో రాట్నం, ఎడమ చేతిలో బారెడు దారం. చెయ్యి ఎత్తితే దారం తెగిపోతుంది. ఎత్తలేదు. పళ్ళన్నీ బయటపెట్టి, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది.

"వాలుగ దవడ కోడలే తెచ్చినాదన్నావు కదా అత్తా! మరి కొత్తది ఎతుకుతావేటి?"

గురమ్మ ప్లేటుని వేళ్ళతో తడిమి చూసింది. తనూ బోసినోటితో నవ్వేసింది.

మరిడి తల్లి నోటి వంకే చూస్తోంది. "అమ్మా, నువ్వు నవ్వితే ఎంత బాగుంటావే!" అంది.

దానికీ నవ్వొచ్చింది. చెయ్యి సగం దాకా లేచింది. తల్లిని చూసి మళ్ళీ దించేసింది.