‘వెతుకు’కి రెండు స్పెల్లింగులు పెట్టిన మూర్తి గారు

నిన్న పొద్దున ఆఫీస్ గ్రూపులో మెసేజ్ చూశాను. మూర్తి గారు నిద్రలోనే పోయారని.

నమ్మలేదు.

మొన్ననే ఫోన్‌లో నన్ను తెగ ఆటపట్టించారు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. ఫిల్మ్‌నగర్‌లో జూనియర్ ఆర్టిస్టులను షూటింగులకు పంపే మా ఆఫీసులో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో ప్రోగ్రామర్. నా పక్క సీటు.

రేపటి షూటింగుకు ఎవరిని పిలవాలో వెతికిపెట్టే ప్రోగ్రామ్ ఆయనదే. అందులో ఒక్కో పని చేసే రొటీన్ల పేర్లన్నీ తెలుగే, ఇంగ్లిష్ అక్షరాల్లో. PILUPU. VETHUKU.

విండోస్‌కి మారినప్పుడు వాటన్నిటినీ వేరే ప్రోగ్రాములు పిలిచి వాడుకునేలా ఒక డీఎల్ఎల్ ఫైల్‌గా కట్టారు. దానికి ఒక చిన్న డెఫినిషన్ ఫైల్ రాయాలి. అందులో EXPORTS కింద రాసిన పేర్లే బయటి ప్రోగ్రాములకు కనిపిస్తాయి. ఒక్క అక్షరం తేడా వచ్చినా కనిపించవు.

వాటిని పిలిచే బటన్ల స్క్రీన్లు రాసేది నేను. అక్కడ VETUKU అని రాశాను. మా ఇంట్లో ‘తు’కి h పెట్టం.

మర్నాడు షేక్‌పేటలో పెద్ద జాతర సీన్. ముందురోజు సాయంత్రం బటన్ నొక్కితే ఎర్రర్. మా కోఆర్డినేటర్ యాదగిరి తల పట్టుకున్నాడు. ఫోన్ వెళ్లకపోతే అంతమందికి ఆ రోజు పని పోయినట్టే.

“ఏమంటుంది మేడం గీ డబ్బా?”

“వెతుకు దొరకట్లేదట.”

“వెతుకుడే దొరకకుంటే ఇగ మనుషులెట్ల దొరుకుతరు?”

మూర్తి గారు పడీపడీ నవ్వారు. నవ్వుతూనే ఆ ఫైల్ తెరిచి ఒక లైన్ కలిపారు.

VETUKU=VETHUKU

నా స్పెల్లింగ్ మార్చేస్తానన్నాను.

“ఎందుకమ్మా? నీకు h లేదు, నాకుంది. ఇద్దరం పిలిచేది ఒకదాన్నేగా. రెండూ ఉండనీ.”

మళ్లీ బిల్డ్ చేశారు. ఫోన్లు వెళ్లాయి. హీరో ఎవరో కూడా ఆయన అడగలేదు. “అందరికీ అందిందా?” అని యాదగిరిని అడిగి టీకి వెళ్లిపోయారు.

సాధువేం కాదు లెండి. ఆయన కప్పు ఎవరైనా ముట్టుకుంటే ఆఫీసులో ఇంటర్వెల్ ఫైటే.

నిన్న మధ్యాహ్నం యాదగిరి అదే ప్రోగ్రామ్‌తో ఆర్టిస్టుల నంబర్లన్నీ తీసి మెసేజ్ పెట్టాడు. “మిమ్మల్ని షూటింగుకు పిలిచే ప్రోగ్రామ్ రాసిన సారు పోయిండు. ఇది షూటింగ్ కాదు, కూలి ఉండదు.” కింద ఇంటి అడ్రస్.

సాయంత్రానికి మధురానగర్‌లో ఆ వీధి నిండిపోయింది.

వచ్చినవాళ్లలో చాలామందికి ఆయన మొహం చూడటం అదే మొదటిసారి.

నాకు ఏడుపు ఆగలేదు.

వెళ్లిరండి మూర్తి గారూ. ఎక్కడున్నా మీ మనసు నిమ్మళంగా ఉండాలి.