రానివాళ్ళ పేజీ

ఒక మంచి పని మొదలుపెట్టే ముందు, దానివల్ల నష్టపోయే మనిషిని అడగాలి. ఇంతవరకు నాకు సందేహం లేదు. ఆ మనిషి వద్దంటే ఎంతకాలం ఆగాలన్నదే నన్ను ఏడాదిన్నరగా వదలని ప్రశ్న. దాన్ని నాకు అంటించిన పెద్దమనిషి కిందటి నెల ఒక మంగళవారం ఉదయం చనిపోయారు.

కబురు మా సొసైటీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. మూడో అంతస్తు అంకుల్ గారు ఇక లేరని హిందీలో రెండు వాక్యాలు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్యలో ఎవరో, ఇవాళ నీళ్ళ ట్యాంకు కడుగుతున్నారు కాబట్టి పదింటిలోగా నీళ్ళు పట్టుకోండి అని పెట్టారు. నేను ముందు బకెట్లు నింపి, తరువాత పైకి వెళ్ళాను. అలా ఎందుకు చేశానో నాకే తెలియదు. అంకుల్ ఉండి ఉంటే, ఆ ట్యాంకు కబురు ఎవరెవరికి అందలేదని అడిగేవారు.

ఆయన మాకు చుట్టం కాదు. ఢిల్లీ ద్వారకలో మా సొసైటీలో ఉన్న తెలుగు ఇళ్ళు రెండే, వాళ్ళదీ మాదీ. వాళ్ళది గోదావరి వైపు, మాది వరంగల్ వైపు. ఆయన కేంద్ర ప్రభుత్వంలో ఇంధనానికి సంబంధించిన ఒక శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఏ సంవత్సరానికల్లా ఎంత కరెంటు సూర్యుడి నుంచి రావాలి, ఎంత బొగ్గు తగ్గాలి అనే లక్ష్యాల ఫైళ్ళు ఆయన బల్ల మీదుగా వెళ్ళేవి.

“లక్ష్యం రాయడం సుళువమ్మా,” అనేవారు. “సంవత్సరం పక్కన అంకె వేస్తే అయిపోతుంది. ఆ దారిలో ఎవరిల్లుందో చూసుకోవడమే కష్టం.”

నా ఉద్యోగమూ అటువంటిదే. మునిర్కాలో అద్దెగదిలో ఉండి చదువుకున్న చదువుతో ఒక పరిశోధన సంస్థలో చేరాను. బొగ్గు నుంచి స్వచ్ఛమైన ఇంధనానికి మళ్ళే పథకాల్లో ప్రజల భాగస్వామ్యం ఎలా ఉందో నివేదికలు రాస్తాను. ఈ సొసైటీకి వచ్చిన కొత్తలో ఒక నివేదిక చదవమని ఆయనకు ఇచ్చాను. వారం తరువాత తిరిగి ఇచ్చారు. ‘స్థానికులు ఆమోదించారు’ అని నేను రాసిన ప్రతిచోటా మార్జిన్‌లో పెన్సిల్‌తో ‘ఎవరు?’ అని ఉంది. ఒకచోట మాత్రం ‘ఎవరు? ఏ పూట?’ అని ఉంది.

“ఏ పూట అంటే ఏమిటంకుల్?”

“మీటింగు పొద్దున్న పదకొండింటికి పెట్టారని నువ్వే రాశావు. కూలికెళ్ళేవాళ్ళు ఆ టైముకి ఎక్కడుంటారు? పనిలేనివాళ్ళు వచ్చి ఆమోదించి వెళ్ళారన్నమాట.”

వంటింట్లోంచి ఆంటీ అందుకున్నారు. “ఆ పిల్లని కాఫీ అయినా తాగనివ్వండి. ఊళ్ళో అందర్నీ అడగాలంటారు. ఇన్నేళ్ళలో నన్నడిగి ఒక్క కర్టెను కొన్నారా?”

“నువ్వు అడక్కుండానే చెప్తావు కదే,” అన్నారాయన.

ఆయన అలవాట్లు కొన్ని నవ్వు తెప్పించేవి. పగలు మెట్ల మీద లైటు వెలుగుతూ కనబడితే ఎవరింటి ముందైనా సరే ఆగి ఆర్పేవారు. ఎవరితోనైనా మాట్లాడాలంటే మడిచే ప్లాస్టిక్ స్టూలు చంకలో పెట్టుకుని వెళ్ళేవారు. గేటు దగ్గర గార్డుతో గానీ, కూరగాయల బండి భయ్యాతో గానీ నిలబడి మాట్లాడగా నేను చూడలేదు. నిలబడితే త్వరగా వెళ్ళాలనిపిస్తుందట.

సొసైటీకి ఆయన సెక్రటరీ. నేను పేరుకి జాయింట్ సెక్రటరీని. మినిట్స్ పుస్తకంలో కుడి పేజీలో తీర్మానం, వచ్చినవాళ్ళ సంతకాలు ఉండేవి. ఎడమ పేజీ ఖాళీగా వదిలేవారు. ఆయన దాన్ని రానివాళ్ళ పేజీ అనేవారు. ఆ నిర్ణయం ఎవరికి తగులుతుందో, వాళ్ళలో మీటింగుకి రానివాళ్ళు ఎవరో చూసి, ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే అక్కడ రాసేవారు. అది పూర్తయ్యేదాకా తీర్మానం కింద సంతకం పెట్టేవారు కాదు. పార్కింగు గొడవకైతే రెండు రోజులు పట్టేది. మా ప్రెసిడెంటు పరిహాసం చేసేవారు. “అంకుల్‌జీ రిటైరయ్యారు గానీ ఫైలు ఇంకా రిటైర్ కాలేదు.”

ఈ అలవాటు ఎక్కడిదని ఒకసారి అడిగాను. సర్వీసులో ఉండగా, ఎక్కడో మెట్టనేలల్లో సోలార్ ప్యానెళ్ళకు భూమి తీసుకునే ఫైలు మీద ‘అభ్యంతరాలు రాలేదు’ అని రాశారట.

“అబద్ధం రాయలేదమ్మా. నిజంగానే రాలేదు. ఆ నేలలో మేకలు మేపుకునేవాళ్ళకి పట్టా లేదు. పట్టా లేదు కాబట్టి నోటీసు వెళ్ళలేదు. మరి అభ్యంతరం ఎక్కణ్ణించి వస్తుంది? తరవాత తనిఖీకి వెళ్తే కంచె అవతల మేకల్ని పెట్టుకుని నిలబడి చూస్తున్నారు.”

“ఏమన్నారు?”

“ఏమీ అనలేదు,” అన్నారు.

ఏడాదిన్నర కిందట మా సొసైటీ డాబా మీద ప్యానెళ్ళు వేయించాలనుకుంది. లిఫ్టుకీ మెట్ల లైట్లకీ ఆ కరెంటు సరిపోతుంది. మా బ్లాకు గోడకు ఆనుకుని రేకు కింద బట్టలు ఇస్త్రీ చేసే దీదీకి కూడా అందులోంచే ఒక స్విచ్ ఇచ్చి, కాంపౌండులో బొగ్గు వాడకం పూర్తిగా మాన్పించాలి. ఇదంతా ఒకే తీర్మానం.

నాకు ఇందులో స్వార్థం ఉంది. మాది మొదటి అంతస్తు. దీదీ బల్ల సరిగ్గా మా అమ్మాయి పడుకునే గది కిటికీ కింద ఉండేది. ఆమె ఇస్త్రీపెట్టెలో బొగ్గు రాజేస్తే పొగ ముందు మా ఇంట్లోకే వచ్చేది. అప్పుడు పిల్లకి తొమ్మిదేళ్ళు. నవంబరు వచ్చిందంటే పిల్లికూతలు మొదలయ్యేవి. ఢిల్లీ గాలి పాడవడానికి చాలా కారణాలున్నాయని నాకు తెలుసు, వాటి మీద రాసి జీతం తీసుకుంటాను. కానీ పొద్దున్నే పిల్ల మొహానికి నెబ్యులైజర్ మాస్కు పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు కనబడేది కిటికీ కింద లేచే ఆ పొగ ఒక్కటే.

మీటింగులో అందరం చేతులెత్తాం. అంకుల్ ఎడమ పేజీలో మొదట దీదీ పేరు రాశారు.

“ఆవిడ మెంబరు కాదు కదా అంకుల్?” అన్నాను.

“పొగ వచ్చినప్పుడు ఆవిడ్ని లెక్కేశాం కదమ్మా. మాట దగ్గర ఎందుకు వద్దూ?”

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. స్టూలు వేసుకుని కూర్చుని, కరెంటు పెట్టె తేలికని, పొగ ఉండదని, ఆమె కళ్ళకీ మంచిదని తన గోదావరి హిందీలో చెప్పారు. దీదీ ఎవరిదో స్కూలు చొక్కా ఇస్త్రీ చేస్తూనే వింది. ఆమె హిందీలో చెప్పింది, నాకు గుర్తున్నట్టు రాస్తున్నాను.

“నా కళ్ళ సంగతి నాకు తెలీదా అంకుల్‌జీ? కానీ బొగ్గు నాది. కరెంటు మీది.”

“అంటే?”

“బొగ్గు నేనే తెచ్చుకుంటా, నేనే రాజేసుకుంటా. స్విచ్ మీ గోడ మీద ఉంటుంది. ఇవాళ మీరున్నారు. రేపు ఏ మేడంకో చీర నలిగిందని కోపమొస్తుంది, స్విచ్ ఆపేయిస్తుంది. అప్పుడు చల్లటి ఇనుము పట్టుకుని నేనెక్కడ కూర్చోను?”

“అచ్ఛా,” అని ఆయన అదంతా పొల్లుపోకుండా రాసుకున్నారు. తరువాత, “మరి నీ పేరు మీదే మీటరొస్తే?” అని అడిగారు.

“ముందు రానివ్వండి. అప్పుడు చెప్తా.”

ఆ మీటరు కోసం ఆయన నెలల తరబడి కరెంటు ఆఫీసు చుట్టూ తిరిగారు. ఆమె నిలబడే రేకుకి చిరునామా లేదు. చిరునామా లేనిచోటికి మీటరు ఇవ్వరు. సొసైటీ రాసిస్తే ఇస్తారు, సొసైటీ రాసివ్వదు. రాసిస్తే ఆ చోటు ఆమెది అయిపోతుందని ప్రెసిడెంటు భయం. అలా ఒక చలికాలం వచ్చేసింది.

జనవరిలో ఒకరోజు నేను అంకుల్ వాళ్ళింటికి వెళ్ళి, కూర్చోకుండానే మొదలుపెట్టాను. కోపం వస్తే నాకు మా ఊరి మాటే వస్తుంది.

“ఇంకెన్ని రోజులు అంకుల్ గీ పేజీ? పొద్దటి సంది నా బిడ్డ ఊపిరి కోసం గోసపడుతున్నది. మీరేమో దీదీ ఏమన్నది, మీటర్ వచ్చిందా అని తిరుగుతున్నరు. లక్ష్యం లక్ష్యం అని సర్వీసంతా రాసిన్రు కదా. ఇంటి కింద పొగ ఆపలేకపోతిరి.”

ఆంటీ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆయన పుస్తకం తెచ్చి ఎడమ పేజీ తీశారు. దీదీ పేరు కింద మా అమ్మాయి పేరు ఉంది.

“పాప కూడా మీటింగుకి రాలేదు కదమ్మా,” అన్నారు.

మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే ఇస్తుంది. ఆయన అడిగితే అది చెప్పినదాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు. ‘దీదీకో మత్ భగావో. మై ఖిడ్కీ బంద్ కర్ లూంగీ.’ దీదీని వెళ్ళగొట్టొద్దు, నేను కిటికీ మూసుకుంటాను అని. ఇంకా ఉంది. బడి నుంచి వచ్చాక, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా దీదీ బల్ల పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకుంటుందట. చలికాలం అక్కడ వెచ్చగా ఉంటుందట. మమ్మీకి చెప్పొద్దట.

ఊళ్ళకు వెళ్ళి ప్రజల అభిప్రాయాలు సేకరించడం నా వృత్తి. ఇంట్లో ఉన్న మనిషిని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

“చెప్పొద్దన్నది కదా. మరి నాకెందుకు చూపించిన్రు?” అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. “తప్పే. పాపకి నేను చెప్పుకుంటాను.”

చెప్పుకున్నారు కూడా. పిల్ల వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. మర్నాటి నుంచి నేను దాన్ని బడి అవగానే ఆంటీ దగ్గరికి వెళ్ళమన్నాను.

కిందటి అక్టోబరులో ఆయన గుండె సమస్యతో ఆసుపత్రిలో చేరారు. ప్యానెళ్ళు వేసే కంపెనీ ఇచ్చిన గడువు ఆ నెలాఖరుతో అయిపోతుంది. ప్రెసిడెంటు మళ్ళీ మీటింగు పిలిచారు. అదే తీర్మానాన్ని కొత్త పేజీలో మళ్ళీ రాశారు. సెక్రటరీ లేనప్పుడు జాయింట్ సెక్రటరీ సంతకం చాలు. “మేడం, ఠీక్ హై నా?” అని పెన్ను నా ముందు పెట్టారు. ఎడమ పేజీ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. సంతకం పెట్టాను. చలి అప్పుడే మొదలవుతోంది, నాకు నా కూతురి ఛాతీలో చప్పుడు తప్ప ఇంకేమీ గుర్తు లేదు. ఇది సాకుగా చెప్పడం లేదు. గుర్తున్నది అదే.

ప్యానెళ్ళు బిగించారు. బొగ్గు మాన్పించి దీదీకి స్విచ్ ఇచ్చారు. మూడు వారాలు బాగానే నడిచింది. నాలుగో వారం, ఎవరెవరో వచ్చి అక్కడ ఫోన్లు ఛార్జ్ చేసుకుంటున్నారని ఆ బోర్డుకి పెట్టె బిగించి తాళం వేశారు. తాళంచెవి గార్డు దగ్గర ఉండేది, గార్డు టీకి వెళ్ళేవాడు. రెండు రోజులు చూసి, మూడో రోజు ఆమె బల్ల సర్దుకుని వెళ్ళిపోయింది. ఎవరితోనూ గొడవ పడలేదు. డాబా మీద ప్యానెళ్ళు బాగా పనిచేస్తున్నాయి. ఆ చలికాలం మా అమ్మాయికి నెబ్యులైజర్ చాలా తక్కువసార్లు పెట్టాల్సి వచ్చింది. పొగ పోయినందుకా, ఆ బల్ల పక్కన కూర్చోవడం మానినందుకా, వయసు పెరిగినందుకా అని అడిగితే, ఏదైనా కావచ్చన్నారు డాక్టరు.

అంకుల్ ఇంటికి వచ్చాక పుస్తకం అడిగి తెప్పించుకున్నారు. నా సంతకం చూశారు. ఎదుటి ఖాళీ పేజీ చూశారు. మూసేశారు.

“పాపకెలా ఉంది?”

“తగ్గిందంకుల్.”

“మంచిది,” అన్నారు, నిజంగానే సంతోషంగా. తరువాత, “ఆవిడ ఎటెళ్ళింది?” అని అడిగారు. తెలియదన్నాను. నాకు నిజంగా తెలియదు, కనుక్కోనూ లేదు. ఆయన నన్ను ఒక్క మాట అని ఉంటే, తిరిగి నాలుగు మాటలనడానికి సిద్ధంగా ఉన్నాను.

ఆయన పోయిన పదిరోజులకి ఆంటీ నన్ను పిలిచి పుస్తకం చేతికిచ్చారు. “ఇంక ఇది నీదేగా అమ్మా,” అన్నారు. ఇంటికి తెచ్చి తీస్తే, నేను ఖాళీగా వదిలిన ఎడమ పేజీలో ఆయన వణుకు చేతిరాత ఉంది. ‘దీదీ. పక్క సెక్టార్, పాల బూత్ వెనక. తిరిగి రానంది. ఎందుకని అడిగితే నవ్వింది.’ దాని కింద ‘జాయింట్ సెక్రటరీ’ అని రాసి, ఎదురుగా జాగా వదిలారు.

నేను ఆ మీటింగులో ఉన్నాను. సంతకమే పెట్టాను. అయినా రానివాళ్ళలో రాశారు. అడుగుదామనుకుని ఉంటారు, వీలు పడలేదు.

మర్నాడు పాల బూత్ వెనక్కి వెళ్ళాను, ఆయన పోయిన సంగతి ఆమెకి చెప్పాలి కదా అని. ఎవరిదో నాలుగంతస్తుల భవనం గోడకి ఆనుకుని బల్ల వేసుకుంది. చెప్పాను. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

“కబ్?” అంది, ఎప్పుడని.

చెప్పాను.

“వచ్చి స్టూలేసుకుని కూర్చునేవారు. పని చేసుకోనిచ్చేవారు కాదు,” అని కొంగుతో మొహం తుడుచుకుంది. తరువాత, “బిటియా ఎలా ఉంది?” అంది.

“బాగుంది. ఇప్పుడు ఆయాసం లేదు.”

“అచ్ఛా హువా,” అంది, మంచిదైందని. ఆ మాటలో నాకోసం ఏమైనా దాచిందేమోనని వెతికాను. ఏమీ దొరకలేదు. ఆమె పెట్టె మూత తీసి, రెండు బొగ్గులు వేసి, అట్టముక్కతో విసరడం మొదలుపెట్టింది. పొగ లేచి గోడ వెంట పైకి వెళ్ళింది. నేను తలెత్తకుండా వచ్చేశాను. పైన ఎవరుంటున్నారో, కిటికీలు తెరిచి ఉన్నాయో లేదో చూడలేదు.

తలెత్తకపోవడం తప్పని తెలుసు. సంతకం పెట్టడం తప్పో కాదో మాత్రం నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.