తొమ్మిదేళ్ళ ఇన్‌కమర్

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా పక్క అపార్ట్‌మెంట్ పెద్దావిడ స్కాట్లండ్ మనిషి. భర్త పోయాక కూడా వెనక్కి వెళ్ళకుండా, ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంటోంది. ఉత్తినే ఉంటున్నానంటే ఆవిడకు చాలదు, "బైడ్" చేస్తున్నాను అంటుంది. ఒకచోట నిలిచి బతకడానికి వాళ్ళ వైపు ఆ మాట వాడతారట. కొత్తగా వచ్చి చేరినవాళ్ళు ఇన్‌కమర్లు. పాతుకుపోయినవాళ్ళు రెసిడెంటర్లు. మెయిల్‌బాక్సుల దగ్గర బెంచీ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరినీ ఇలా విడగొట్టేస్తుంది.

తొమ్మిదేళ్ళయినా నేను ఇన్‌కమర్‌నే! ఒళ్ళు మండింది. చిన్నప్పటినుంచి ర్యాంకుల మధ్య పెరిగిన దాన్ని, ఎవరైనా రెండో వరసలో కూర్చోబెడితే నాకు నిద్ర పట్టదు. వెళ్ళి వాదించాను. ఏ వాషింగ్ మెషిన్ బట్టలు చింపుతుందో, వానొస్తే పార్కింగ్‌లో ఎక్కడ మడుగు కడుతుందో, మేనేజర్ ఏ రోజు మంచి మూడ్‌లో ఉంటాడో అన్నీ ఏకరువు పెట్టాను. ఆవిడ చెవులు అప్పగించి విని, "చూద్దాంలే" అంది. వాళ్ళ ఊళ్ళో ఏడు మైళ్ళ అవతలినుంచి కోడలిగా వచ్చినావిడ, మునిమనవల్ని ఎత్తుకున్నాక కూడా ఇన్‌కమర్‌గానే కన్నుమూసిందట. అది చెప్పి పైగా నవ్వు.

ఒక శనివారం కాఫీకి పిలిచాను. బాత్రూమ్ అనుకుని ఆవిడ క్లాజెట్ తలుపు తీసింది. టీవీ అట్టపెట్టె, రైస్ కుక్కర్ అట్టపెట్టె, మిక్సీది, ప్రింటర్‌ది, థర్మాకోల్‌తో సహా కప్పుదాకా ఉన్నాయి. మనవాళ్ళ ఇళ్ళల్లో ఇది మామూలే. ఉద్యోగం మారితే సామాను సర్దుకోవాలి కదా! ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇక్కడ బైడ్ చేసే మనిషికి ఇవెందుకు?" అంది. అడ్డంగా దొరికిపోయాను.

మర్నాడు పొద్దున్నే పారేద్దామని, పూనకం వచ్చినట్టు ఆ ఖాళీ పెట్టెలన్నీ బయటికి లాగాను. మెట్ల మీదినుంచి ఒక్కొక్కటీ దొర్లిస్తుంటే ఎంత హాయిగా ఉందో! జుట్టునిండా థర్మాకోల్ ముక్కలు. టీవీ పెట్టె మీదికెక్కి తొక్కుతూ, గొంతెత్తి పాడాను కూడా. అంతలో ఎదురు బ్లాక్‌లో కొత్తగా దిగిన ఎమ్మెస్ అమ్మాయిలిద్దరు పరుగెత్తుకొచ్చారు.

"అక్కా, ఖాళీ చేస్తున్నరా? లీజ్ మాకు ట్రాన్స్‌ఫర్ చేయరా, ప్లీజ్!" అంది ఒకమ్మాయి.

"సోఫా కూడా ఉంచేయండక్కా. ఈ ఇల్లు మాదేనని వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేశాం" అంది రెండో అమ్మాయి.

అప్పటికే నా ఫోన్ నిండా వీడ్కోలు మెసేజులు. నవ్వాపుకోలేక మెట్ల మీద కూలబడ్డాను. పక్కింటి తలుపు దడాలున తెరుచుకుంది. పెద్దావిడ కాళ్ళకు చెప్పులైనా లేకుండా దిగివచ్చింది. అమ్మాయిల తెలుగులో లీజ్, ట్రాన్స్‌ఫర్ లాంటి ఇంగ్లీషు మాటలు మాత్రమే ఆవిడకు అర్థమయ్యాయి.

"ఈమె ఎక్కడికీ వెళ్ళదు. ఇక్కడే బైడ్ చేస్తుంది" అని వాళ్ళను కసిరింది. తర్వాత నావైపు తిరిగింది. "ఇక్కడ నలుగురిని రెసిడెంటర్ అన్నాను. నలుగురూ ఏడాది తిరగకుండానే వెళ్ళిపోయారు. అందుకే నిన్ను అనలేదు."

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆవిడ మీద కోపం పెట్టుకున్నందుకు సిగ్గేసింది. చెయ్యి పట్టుకుని నా పక్కన మెట్టు మీద కూర్చోబెట్టుకున్నాను.

"నేనెక్కడికీ వెళ్ళడం లేదండీ. నన్ను ఇన్‌కమర్ అనే పిలవండి" అన్నాను.